తూము తెరిచినా బురద ఎందుకు కదలదు?

ప్రశ్న: మాది రామచంద్రాపురం మండలం. మా చెరువులోకి వాగు దిగే చోట ఇసుక ప్రతి వానకూ కొట్టుకుపోతుంది. తూము ముందరి మెత్తటి బురద మాత్రం కదలదు. ఇసుక కన్నా సన్నటి మట్టే ముందు పోవాలి కదా? తూము పూర్తిగా ఎత్తితే పూడిక వదులుతుందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? - ఒక రైతు

జవాబు: ఆ పని చేయకండి. నీళ్లు పోతాయి, పూడిక మిగులుతుంది. తూము నోటి దగ్గర చిన్న గుంట పడుతుంది, అంతే.

ఇసుక రేణువును అడుగున నిలిపేది దాని బరువొక్కటే. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది, పలకలా ఉంటుంది. ఆ పలకల మీది విద్యుదావేశం వల్ల అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ప్రవాహానికి అన్నిటికన్నా తేలిగ్గా లేచేది సన్న ఇసుకేనని స్వీడన్ శాస్త్రవేత్త యూల్‌స్ట్రోమ్ 1935లోనే గీత గీసి చూపాడు.

అయినా బంకమట్టి కాబట్టి కదలదని తీర్పు చెప్పేస్తే నేను ఒప్పుకోను. అది ఎన్నాళ్లుగా అక్కడ పడి ఉందో ముందు అడగాలి. నిన్నటి వరదకు దిగిన బురదలో మట్టి కన్నా నీరే ఎక్కువ, కాలు పెడితే చాలు లేస్తుంది. నెలలు గడిచేకొద్దీ పైపొరల బరువుకు నీరు పిండుకుపోయి గట్టిపడుతుంది. ఆ తరువాత పెద్ద ప్రవాహం వచ్చినా రేణువులుగా కాదు, గడ్డలుగా తెగుతుంది. ఎండ అందే లోతులో సూక్ష్మమైన నాచు జిగురు స్రవించి పైపొరను ఇంకా బిగిస్తుంది. తిండి కోసం అడుగు తవ్వే బంగారు తీగ చేప, రేవులో దిగే గేదెలు ఆ పొరను చెదరగొడతాయి.

చెరువు ఎండితే కథ మారుతుంది. నెర్రెలిచ్చిన మట్టిలోకి తొలి నీరు చొరబడగానే లోపల చిక్కిన గాలి గడ్డలను పగలగొడుతుంది. నెలల తరబడి వచ్చిన గట్టిదనం అక్కడితో సరి.

కాబట్టి పూడికను వేసవిలోనే తీయండి. తీసేముందు ఎండిన చిన్న గడ్డను గాజు గ్లాసులోని వాననీటిలో వదిలి, కదపకుండా చూడండి. ముక్కలై కుప్పగా పడి, నీరు తేటగా ఉంటే భయం లేదు. గడ్డ చుట్టూ మసక అలుముకుని తేరుకోకపోతే ఆ మట్టిలో సోడియం ఎక్కువ ఉండవచ్చు, రేణువులు పట్టు వదిలేస్తున్నాయి. దాన్ని కట్ట మీద వేయనే వేయకండి. ఊట నీరు అలాంటి మట్టిని లోలోపలే కోసుకుంటూ పోతుంది. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట నుంచి నీరు కారితే ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి మీ మండలానికి కొత్త కాదు. పొలానికైనా భూసార పరీక్ష చేయించాకే తోలండి.