తోడికోడలి మీద అసూయ: ఉపవాసం ఉన్నా పోవడం లేదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయి 11 ఏళ్లు. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నీళ్లు పోసింది, రాత్రుళ్లు మంచం పక్కన ఉన్నది నేనే. మా చిన్న తోడికోడలు ఐర్లండ్‌లో నర్సు. తను పంపిన డబ్బుతో మేడ మీద రెండు గదులు లేచాయి. కృతజ్ఞత కూడికలో అత్తయ్య దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతూ, 'మా చిన్నకోడలు వచ్చాకే ఈ ఇంటికి ఆశీర్వాదం వచ్చింది' అంది. పొయ్యి దగ్గర ఉండి విన్నాను. అప్పట్నుంచి తను వీడియో కాల్ చేస్తే పని ఉందని తప్పించుకుంటున్నాను. మొన్న తనకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే లోపల ఎక్కడో సంతోషం వేసింది. నా మీద నాకే భయం వేసింది. ఉపవాస ప్రార్థన చేసినా ఈ అసూయ పోవడం లేదు. చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం కూడా మానేశాను. అసలు నేను విశ్వాసినేనా?

జవాబు: సిస్టర్, విశ్వాసం లేని మనిషి ఆ సంతోషాన్ని చూసి భయపడదు. ముందు ఆ టెన్షన్ తీసేయండి.

మీ ఉత్తరంలో రెండు ఉన్నాయి. ఒకటి అసూయ. రెండోది, మీరు చేసిన చాకిరీని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదన్న బాధ. బాధ పాపం కాదు. కానీ మీరు రెండిటినీ కలిపి 'తీసేయి ప్రభువా' అంటున్నారు. ఆ బాధేమిటో మాత్రం ఆయనకు చెప్పడం లేదు.

బైబిల్లో లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ మనకు కంఠతా వచ్చు. పెద్దకొడుకు దగ్గరికొచ్చేసరికి మాత్రం గబగబా దాటేస్తాం. అతను పొలం నుంచి వస్తుంటే, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడి కోసం ఇంట్లో విందు, వాద్యాలు. కోపం వచ్చి లోపలికి వెళ్లలేదు. (మీ తోడికోడలు తప్పిపోయిన మనిషి కాదు, ఆ పోలిక ఆమెకు అంటగట్టకండి.) తండ్రి 'వాడి ఖర్మ' అనుకోలేదు. విందు మధ్యలో లేచి బయటికొచ్చి బతిమాలాడు. అప్పుడు ఆ కొడుకు దాచుకోకుండా కడిగేశాడు: ఇన్నేళ్లు నీకు సేవ చేశానే, నా స్నేహితులతో సంతోషపడమని ఒక మేకపిల్లనైనా ఇచ్చావా? తండ్రి కసురుకోలేదు. 'కుమారుడా, నీ వెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు. నావన్నియు నీవి' అన్నాడు.

మీ మేకపిల్ల ఏమిటి? ఈ రాత్రి తలుపు వేసుకుని, మీకొచ్చిన భాషలోనే ఆయనకు చెప్పండి. మోకాలి ఆపరేషన్ సంగతి, ఆ కూడిక రోజు మీరు ఎంతమందికి వండారో కూడా చెప్పండి. ప్రార్థనలా అనిపించకపోయినా ఫరవాలేదు.

తర్వాత తోడికోడలి పేరు పెట్టి ప్రార్థించండి. 'అందరినీ దీవించు' అన్నట్టు కాదు. ఆమె ఒంట్లో బాగవ్వాలని, నైట్ డ్యూటీ అయ్యాక నిద్ర పట్టాలని, పరాయి దేశంలో ఒంటరితనం తీరాలని. మొదట్లో మాట పెదవుల మీదే ఉంటుంది, మనసు కదలదు. అయినా మానకండి. మనిషి కష్టం తెలిసేకొద్దీ ఆ మనిషి మీద కుళ్లుకోవడం కష్టమవుతుంది. ఈసారి కాల్ వస్తే ఎత్తి, 'ఒంట్లో ఎలా ఉంది చెల్లీ?' అని ఒక్క మాట అడగండి. మేడ గదుల ఊసు అక్కర్లేదు.

బల్ల మానేయకండి. పౌలు కొరింథీయులకు రాసింది, తన్ను తాను పరీక్షించుకుని 'ఆలాగుచేసి ఆ రొట్టెను తిని' అని. పరీక్షించుకుని ఇంటికి పొమ్మని కాదు. మీరు పరీక్షించుకున్నారు, దాచకుండా ఒప్పుకున్నారు. ఇక లోపలికి వెళ్లండి.

అత్తయ్య విషయం. క్షమించడమంటే నోరు మూసుకోవడం అని మన సంఘాల్లో ఆడవాళ్లకు నేర్పుతున్నారు. నేను ఒప్పుకోను. ముందు మీ వారికి చెప్పండి, ఆయనకు ఇది తెలిసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత ఆమె స్థిమితంగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, 'అత్తయ్యా, ఆ రోజు మీ మాటకు నా మనసు నొచ్చుకుంది' అనండి. చిన్నకోడలి ఊసు తేకండి, లెక్కలు తీయకండి. ఆమె ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే, పాస్టరమ్మ గారి లాంటి గుట్టు దాచే పెద్దామె ఒకరితో ఈ భారం పంచుకోండి.