పాప్ టెస్ట్‌లో తేడా వస్తే హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాలా?

అమెరికాకి కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు తరచూ అడిగే మాట: "అక్కా, పాప్ టెస్ట్‌లో తేడా వచ్చిందట, హైదరాబాద్ వెళ్ళిపోనా?" గర్భసంచి ముఖద్వారం (సర్విక్స్) దగ్గర కణాలు తీసి, అక్కడ క్యాన్సర్‌కి దారితీసే మార్పులున్నాయేమో చూసే పరీక్ష ఇది. చాలామందికి అదే మొదటి పాప్ టెస్ట్. ఇక్కడ 21 ఏళ్ళ వయసు నుంచి మూడేళ్ళకోసారి, 30 దాటాక హెచ్‌పీవీ (లైంగిక సంబంధంతో అంటుకునే, ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) టెస్ట్ అయితే ఐదేళ్ళకోసారి చేస్తారు.

తేడా అంటే క్యాన్సర్ కాదు. హెచ్‌పీవీని చాలావరకు ఒళ్ళే వదిలించుకుంటుంది. అది పోకుండా క్యాన్సర్‌గా మారాలన్నా మామూలుగా 15-20 ఏళ్ళు పడుతుంది. కాల్పోస్కోపీ చేసి, అంటే ముఖద్వారాన్ని పెద్దగా చూపించే పరికరంతో చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పుల్ని సిన్ (CIN) అంటారు. సిన్ 1, అంటే తక్కువ మార్పు అయితే ఎక్కువగా చూస్తూ ఉంటారంతే. సిన్ 3, అంటే తీవ్రమైన మార్పు అయితే లీప్ (కరెంటుతో వేడెక్కే సన్నని తీగతో కోయడం) చేసి ఆ భాగం తీసేస్తారు, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. దీనికి ఫ్లైట్ ఎక్కక్కర్లేదు. స్క్రీనింగ్ ఫ్రీ కదా అని కాల్పోస్కోపీ కూడా ఫ్రీ అనుకోకండి, ముందే ఇన్సూరెన్స్ వాళ్ళని అడగండి.

"ఎవరి నుంచి వచ్చింది" అని ఇంట్లో పంచాయితీ మాత్రం పెట్టుకోవద్దు. ఈ వైరస్ ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండగలదు. ఎప్పుడు అంటుకుందో టెస్ట్ చూసి ఏ డాక్టరూ చెప్పలేరు.

క్యాన్సర్ అనే తేలితే మాట వేరు. అమ్మ దగ్గర ఉండాలనిపించడం తప్పేం కాదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. కానీ ట్రీట్‌మెంట్ ఎక్కడ చేయించుకోవాలో ముందే తేల్చుకోండి. రేడియేషన్ వారానికి ఐదు రోజులు, దాదాపు ఐదు వారాలు, ఆపైన బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్). మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలంటారు. సగం ఇక్కడ, సగం అక్కడ అంటే కుదరదు. వెళ్ళేవాళ్ళు రిపోర్ట్ కాగితాలతో సరిపెట్టుకోకుండా బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో భద్రపరిచిన దిమ్మలు), ఎంఆర్ఐ సీడీ అడిగి తీసుకోండి. అక్కడి పాథాలజిస్ట్ స్లైడ్లు మళ్ళీ చూస్తారు. బ్లాకులు ఎండలో కారులో వదిలేయకండి, మైనం కదా, హ్యాండ్ బ్యాగేజ్‌లో పెట్టుకోండి.

ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట మొదటి అపాయింట్‌మెంట్‌లోనే చెప్పండి. లీప్ తర్వాత గర్భం రావచ్చు. నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం కాస్త పెరుగుతుంది కాబట్టి లీప్ జరిగిందని తర్వాత చూసే డాక్టర్‌కి చెప్పాలి. క్యాన్సర్ అయినా, గడ్డ రెండు సెంటీమీటర్లలోపు ఉంటే కొందరికి గర్భసంచి ఉంచి ముఖద్వారం మాత్రం తీసే ట్రాకిలెక్టమీ చేస్తారు. రేడియేషన్ అయితే అండాశయాలు పనిచేయడం మానేస్తాయి, గర్భసంచి కూడా దెబ్బతింటుంది. అందుకే మొదలుపెట్టకముందే అండాలు ఫ్రీజ్ చేయించుకోవడం గురించి అడగాలి. దానికి సుమారు రెండు వారాలు కావాలి. పక్కన అత్తగారున్నారని మొహమాటపడితే ఆ రెండు వారాలూ పోతాయి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని హాస్పిటల్‌ని అడగండి, డబ్బులు తీసుకోరు. బంధువులతో చెప్పించుకోవద్దు.

టికెట్ కొనేముందు వీసా స్టాంప్ గడువు చూసుకోండి. అది దాటిపోయి ఉంటే ట్రీట్‌మెంట్ అయ్యాక తిరిగి రావడానికి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం కూర్చోవాలి.