ఆర్మ్‌కి గేమ్ ఇవ్వాలా అని అడిగావు కదా

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఇప్పటిదాకా ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసమే చేసిన మీ ఆన్‌లైన్ గేమ్, కొత్త మ్యాక్‌లలోనూ కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్ల మీద కూడా సంక్రాంతికల్లా నడవాలని పైవాళ్లు పట్టుబడుతున్నారనీ, టీమ్‌లో సగం మంది ఎందుకొచ్చిన తలనొప్పి అంటున్నారనీ రాశావు. చేయండి అనే నేనంటాను. కాకపోతే గ్రాఫిక్స్ దగ్గర మొదలుపెట్టకండి.

ఎమ్యులేషన్‌లో, అంటే ఇంటెల్ కోసం చేసిన ప్రోగ్రామ్‌ను ఆర్మ్‌కి అనువదించి నడిపే పద్ధతిలో, ఎలాగూ నడుస్తోంది కదా అంటున్నారట. 2020లో యాపిల్ ఎం1 అనే ఆర్మ్ చిప్ తెచ్చినప్పుడు, ఆ అనువాదం చేసే దాని ప్రోగ్రామ్ రోసెట్టా 2 ఇంటెల్ గేమ్‌లను చాలావరకు బాగానే నడిపింది. అయినా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ నవంబర్‌లోనే నేటివ్ వెర్షన్, అంటే అనువాదం అక్కర్లేకుండా నేరుగా ఆర్మ్ మీద నడిచేది, ఇచ్చేశారు. ఇప్పుడేమో రోసెట్టా పూర్తిగా ఉండేది మ్యాక్‌ఓఎస్ 27 వరకేనని యాపిల్ 2025లో చెప్పేసింది. ఆ తర్వాత కొంత భాగం ఉంచుతారట, అదీ ఎవరూ అప్‌డేట్ చేయని పాత గేమ్‌ల కోసం. మీ గేమ్ ఆ లిస్టులో చేరకూడదు కదమ్మా.

విండోస్ కథ వేరు. ఆర్మ్ ల్యాప్‌టాప్‌లలో ప్రిజమ్ అనే ఎమ్యులేటర్ మామూలు ప్రోగ్రామ్‌లను నడుపుతుంది కానీ కెర్నెల్ డ్రైవర్ల, అంటే విండోస్ గుండెకాయలో నడిచే ప్రోగ్రామ్‌ల, జోలికి పోదు. అవి ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. ఆటలో మోసం చేసేవాళ్లను పట్టుకునే యాంటీ చీట్‌లు చాలావరకు ఉండేది ఆ కెర్నెల్‌లోనే. అందుకే గేమ్ నడిచే స్థితిలో ఉన్నా, పెళ్లికి అంతా సిద్ధమై పురోహితుడు రానట్టు, లాగిన్ దగ్గర ఆగిపోతుంది. ఈజీ యాంటీ చీట్‌ను ఆ ల్యాప్‌టాప్‌లకు తెచ్చి ఫోర్ట్‌నైట్‌ను ఆడనిస్తామని ఆ రెండూ తయారుచేసే ఎపిక్ ప్రకటించింది కూడా 2025 మార్చిలోనే.

కాబట్టి ముందు మీ దగ్గర సోర్స్ కోడ్ లేని లైబ్రరీలన్నీ ఒక కాగితం మీద రాయి. యాంటీ చీట్, వాయిస్ చాట్, వీడియో కోడెక్, క్రాష్ రిపోర్టర్, ఏదీ వదలకు. ఆర్మ్ లైబ్రరీ ఎప్పుడిస్తారో ఒక్కొక్కరినీ మెయిల్‌లో అడుగు. "రోడ్‌మ్యాప్‌లో ఉంది" అన్నవాళ్లను లేదన్నవాళ్ల కిందే లెక్కేసుకో.

ఆ జవాబులు వచ్చేలోగా సర్వర్‌ను ఆర్మ్ లినక్స్ మీద బిల్డ్ చేయించు. అమెజాన్ గ్రావిటాన్ లాంటి ఆర్మ్ మెషీన్లు అద్దెకు దొరుకుతాయి. అక్కడ గ్రాఫిక్స్ గొడవ లేదు, యాంటీ చీట్ డ్రైవర్ లేదు. బయటపడే బగ్గులు ఆటగాళ్ల ముందు కాకుండా మీ ముందే బయటపడతాయి.

ఎస్‌ఎస్‌ఈ కోడ్, అంటే ఇంటెల్ తరహా చిప్‌ల ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లతో రాసిన కోడ్, గురించి పెద్దగా టెన్షన్ పడకు. అది ఆర్మ్‌కి కంపైల్ కాదు కాబట్టి ఎక్కడుందో దానంతట అదే తెలిసిపోతుంది. కంపైలర్ నోరు మెదపని చోట్లే అసలు పని. ఉదాహరణకి, ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో మిగతావాటితో పాటే నడిచే ఒక పని) ప్యాకెట్‌ను బఫర్‌లో రాసి, తర్వాత "రెడీ" ఫ్లాగ్ పెడుతుంది. ఇంకో థ్రెడ్ ఆ ఫ్లాగ్ చూసి ప్యాకెట్ తీసుకుంటుంది. ఇంటెల్, ఏఎండీల మీద ఒక కోర్ ఏ వరుసలో రాస్తే మిగతా కోర్‌లకు అదే వరుసలో కనబడుతుంది. అందుకే ఆ ఫ్లాగ్ మామూలు వేరియబుల్ అయినా ఏళ్ల తరబడి బండి నడిచిపోతుంది. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. ఫ్లాగ్ ముందే కనబడి, బఫర్‌లో ఇంకా పాత డేటాయే ఉండొచ్చు, అదీ ఎప్పుడో ఒకసారి. ఇలాంటి ప్రతి ఫ్లాగ్‌నూ వెతికి, వరుస తప్పనివ్వని అక్వైర్, రిలీజ్ అటామిక్‌లుగా మార్పించు. రోసెట్టాలో టెస్ట్ చేశాం, బాగుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఇంటెల్ వరుసను పాటించే మోడ్‌ను రోసెట్టా కోసం యాపిల్ చిప్‌లోనే పెట్టింది. ఈ బగ్ అక్కడ కనబడదు.

మీది లాక్‌స్టెప్ గేమ్ అయితే, అంటే బటన్ నొక్కుళ్లు మాత్రమే పంపుకుని ప్రతి మెషీన్ మొత్తం ఆటను తనే లెక్కగట్టేదైతే, ఇంకో చిక్కుంది. గుణించి కూడే లెక్కను ఆర్మ్ కంపైలర్ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా కలిపేయొచ్చు. అప్పుడు రౌండింగ్ రెండుసార్లకు బదులు ఒక్కసారే జరిగి చివరి బిట్ మారుతుంది. కాసేపటికి ఒకరి స్క్రీన్ మీద చచ్చిన సైనికుడు ఇంకొకరి స్క్రీన్ మీద నడుస్తుంటాడు. ఆ కలపడాన్ని కంపైలర్ ఆప్షన్‌తో ఆపించు. సైన్, కొసైన్‌లకు సిస్టమ్ లైబ్రరీని వాడకుండా మీ సొంత కోడ్ పెట్టుకోండి. సర్వరే తీర్పు చెప్పే గేమ్ అయితే ఈ బాధ చాలావరకు ఉండదు.

రిస్క్-ఫైవ్ అనే ఇంకో రకం ప్రాసెసర్‌కి కూడా చేద్దామన్న కుర్రాడికి టీ ఇప్పించి పంపెయ్.

తేదీ ప్రకటించే ముందు మీ ఆటగాళ్ల లెక్క తీయించు. కౌంటర్ స్ట్రైక్ 2కి మ్యాక్ సపోర్ట్ ఇవ్వబోమని దాన్ని తయారుచేసే వాల్వ్ 2023లో చెప్పింది. ఆపేస్తున్న పాత హార్డ్‌వేర్, మ్యాక్ అన్నీ కలిపినా ఆడేవాళ్లలో ఒక శాతం కంటే తక్కువేనని కారణం చూపింది. మ్యాక్ వాళ్లు తిట్టుకున్నారు కానీ, అందులో తప్పేమీ నాకు కనబడలేదు. ఆన్‌లైన్ గేమ్‌లో ప్యాచ్ వచ్చిన రోజే అన్ని బిల్డ్‌లూ రావాలి, పాత వెర్షన్‌తో సర్వర్‌లోకి రానివ్వరు కదా. ఆ పని ఏళ్ల తరబడి చేసే మనిషిని ఇస్తారా అని పైవాళ్లను ఇప్పుడే అడుగు. ఇవ్వకపోతే సర్వర్ వరకే చేసి ఆగండి.

యాంటీ చీట్ వాళ్ల జవాబు రాగానే నాకు పంపు, సంక్రాంతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న