పుస్తకం వేస్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం సాహిత్య పుస్తకాన్ని సొంతంగానో, చిన్న ప్రచురణ సంస్థతోనో వేసుకునేవాళ్లవి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: నా కథలు పద్నాలుగు ఉన్నాయి, మొత్తం 28 వేల పదాలు. వెయ్యి కాపీలు వేస్తే చవగ్గా పడుతుందని ప్రెస్‌వాళ్లు అంటున్నారు. ఎన్ని వేయాలి, ధర ఎంత పెట్టాలి?
– ఒక రచయిత్రి, కడప

జవాబు: వెయ్యి వద్దండీ. కాపీకి పడే ఖర్చు తగ్గడం నిజమే, కానీ అమ్ముడుపోని ఆరువందల కాపీలు అటకెక్కాక ఆ పొదుపు ఎక్కడుంటుంది? మొదటి కథల పుస్తకానికి 300 నుంచి 500 చాలు. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేయించి అచ్చు వేసే పద్ధతిలో, ఆ ప్లేట్ల ఖర్చు 300 కాపీలకైనా 3,000 కాపీలకైనా ఒకటే. కాబట్టి 300 లోపు అనుకుంటే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్‌కు, ఆపైన అయితే రెండింటికీ కొటేషన్ తీసుకోండి. రెండూ ఒకే కాగితానికి, ఒకే బైండింగ్‌కు ఇచ్చినవేనా అన్నది చూసుకోండి. పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు గానీ ప్రెస్ బిల్లు మీద ఉంటుంది. చెప్పిన రేటు పన్ను కలిపా, కలపకా అన్నది కాగితం మీద రాయించుకోండి.

ముందు పేజీల లెక్క. డెమీ 1/8 సైజులో, అంటే 5.5 × 8.5 అంగుళాల్లో, 12–13 పాయింట్ల అక్షరం వాడితే పేజీకి 220–240 పదాలు పడతాయి. మీ కథలకు 120 పేజీల పైచిలుకు కావాలి. ప్రతి కథా కొత్త పేజీలో మొదలవుతుంది గనక మిగిలే ఖాళీలు, ముందుమాట, విషయసూచిక, ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ పేజీ అన్నీ కలిస్తే 140 దాటుతుంది. 16 పేజీలు ఒక ఫారం. 144 పేజీలైతే సరిగ్గా తొమ్మిది ఫారాలు. లెక్క 147కు వెళ్లిందా, ఆ మూడు పేజీల కోసం ఇంకో అర ఫారం కాగితం పోతుంది. అప్పుడు చేయాల్సింది అక్షరం సైజు తగ్గించడం కాదు, రెండు ముందుమాటలుంటే ఒకటి తీసేయడం. రెండోది చదివేవాళ్లు ఎలాగూ తక్కువే.

లోపలి కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో రకం, కొంచెం పసుపు ఛాయ ఉన్న నేచురల్ షేడ్ తీసుకోండి. తళతళలాడే తెలుపు మీద కథలు చదివితే కళ్లు లాగుతాయి. అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. వెన్ను వెడల్పు మాత్రం ఊహించి కవర్ డిజైనర్‌కు చెప్పకండి. అదే కాగితం 72 ఆకులు ప్రెస్‌లో అడిగి తీసుకుని, గట్టిగా అదిమి, స్కేలుతో కొలవండి. ఆరేడు మిల్లీమీటర్లు వస్తుంది. రెండు మిల్లీమీటర్లు తేడా పడితే వెన్ను మీద ఉండాల్సిన పేరు ముందు అట్ట మీదికి వాలిపోతుంది.

ఇక ధర. 500 కాపీలకు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టడం), కవర్, కాగితం, అచ్చు, బైండింగ్ అంతా కలిపి కాపీకి 60 రూపాయలు పడిందనుకుందాం. మూడు రెట్లు వేసి 180 పెట్టారు. పుస్తకాల షాపు ద్వారా పోయే కాపీకి 40 శాతం కమీషన్ కింద 72 పోతుంది. రాయల్టీ పది శాతం చొప్పున 18. ప్యాకింగ్, రవాణా ఒక 8. చేతికొచ్చేది 82. పెట్టిన 30 వేలు తిరిగి రావాలంటే ఈ దారిలో 366 కాపీలు అమ్మాలి. అదే సభలోనో, ఫోన్ ఆర్డరు మీదనో పది శాతం తగ్గించి మీరే అమ్మితే రాయల్టీ పోను కాపీకి 144 మిగులుతుంది, 209 కాపీలతో పెట్టుబడి వచ్చేస్తుంది. సొంత ప్రచురణ అయితే రాయల్టీ కూడా మీదే. అందుకే మిమ్మల్ని నేరుగా అడిగి కొనే మొదటి 200 మంది ఎవరన్నది అచ్చుకు ముందే కాగితం మీద రాసుకోండి. ఆ జాబితా 80 దగ్గర ఆగిపోతే 300 కాపీలే వేయండి.

షాపుకిచ్చే ప్రతి కట్టకూ తేదీ, కాపీల సంఖ్య, కమీషన్ శాతం రాసిన చలానా మీద సంతకం తీసుకోండి. డబ్బు అమ్మాకే వస్తుంది, అదీ నెలల తర్వాత. చలానా లేకపోతే ఎన్ని ఇచ్చారో మీకే గుర్తుండదు.

ప్రశ్న: ఫోన్‌లో, గూగుల్ డాక్స్‌లో టైపు చేసి డీటీపీకి ఇచ్చాను. నేను పంపిన ఫైల్లో తప్పుల్లేవు. అచ్చయిన పుస్తకంలో మాత్రం ‘ఫేస్‌బుక్’లో ‘బు’ వెళ్లి ‘స’ కింద ఒత్తయింది, కొటేషన్ గుర్తుల చోట వింత అక్షరాలున్నాయి. ఎవరి తప్పు?
– ఒక కవి, వరంగల్

జవాబు: తప్పు మార్పిడిలో జరిగింది. మీరు టైపు చేసింది యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలో. డీటీపీ సెంటర్లు చాలావరకు ఇప్పటికీ అను ఫాంట్లతో పేజీలు కడతాయి. అను యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే గళ్లలోనే తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టుకుంటుంది. యూనికోడ్‌ను అనులోకి మార్చే కన్వర్టర్ ‘క్షో’ లాంటి అక్షరాన్ని విడగొట్టి ఆ ముక్కలతో మళ్లీ అతుకుతుంది. కొటేషన్ గుర్తు ఉండే గడిలో ఏదో ఒత్తు కూర్చుని ఉంటే అచ్చయ్యేది ఆ ఒత్తే. వాక్యం మధ్యలో ఇంగ్లీషు మాట ఉంటే అది మొత్తం తెలుగు చెత్తగా మారుతుంది. ఇక ‘ఫేస్‌బుక్’లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు ఉంటుంది. మార్పిడిలో అది రాలిపోగానే పక్క హల్లు ఒత్తుగా కిందికి దిగుతుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘హైకోర్ట్‌లో’ లాంటివన్నీ ఇలాగే చెడతాయి. బోల్డు, ఇటాలిక్ పోవడం మామూలే.

మంచి దారి మార్పిడే లేకుండా చేసుకోవడం. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పని చేయమనండి. అందులో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన విడిగా పడతాయి. ‘ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు’ అనే ఆపరేటర్లలో చాలామంది చూడనిది ఈ ఒక్క సెట్టింగే. ఫాంటు ఏదైనా సరే, ముందుగా ఈ మాటలు అచ్చు తీసి చూడండి: జ్యోత్స్న, రాష్ట్రీయం, ఊర్ధ్వం, కృత్స్నం, లక్ష్మి, దుఃఖం, అఱవై, మార్క్స్, సాఫ్ట్‌వేర్. వీటిలో ఒక్కటి విరిగినా ఆ ఫాంటు మీ కవిత్వానికి పనికిరాదు.

అనులోనే చేయక తప్పకపోతే, ప్రూఫు మార్పిడి తర్వాతే చూడాలి. మీరు ముందు గూగుల్ డాక్స్‌లో ఎన్నిసార్లు చదివినా లెక్కలోకి రాదు. కాగితం మీద తీయించండి. మొదటి చూపులో కవిత చదవకుండా కొటేషన్లు, అంకెలు, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు మాత్రమే పట్టుకోండి. రెండోసారి ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూడాలి. దిద్దుబాట్లు పడ్డాక ఆ పేజీలే కాదు, వాటి తర్వాతి పేజీ కూడా చూడాలి, ఎందుకంటే ఒక లైను జరిగితే కవితలో ఆఖరి పాదం పక్క పేజీకి ఒంటరిగా వెళ్లిపోతుంది.

ప్రశ్న: ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని ఒకాయన మూడు వేలు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు, మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నంబరు 978-81తో గానీ 978-93తో గానీ మొదలవుతుంది. అదే పుస్తకం మళ్లీ ముద్రిస్తే పాత నంబరే. మార్పులతో కొత్త కూర్పు వేసినా, ఈ-బుక్ చేసినా విడి నంబరు. నంబరు వచ్చేదాకా అట్ట అచ్చుకు పంపకండి, తర్వాత స్టిక్కరు అంటించుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: మా ఆవిష్కరణ సభకు ఎనభై మంది వచ్చారు. అమ్ముడుపోయినవి తొమ్మిది కాపీలు. పుస్తకం బాగాలేదనుకోవాలా?
– ఒక చిన్న ప్రచురణ సంస్థవారు, గుంటూరు

జవాబు: పుస్తకాన్ని ఎవరూ ఇంకా చదవలేదు కదా, బాగోగుల మాట తర్వాత. మీరు పంపిన ఆహ్వానపత్రం చూశాం. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆవిష్కర్త, విశిష్ట అతిథి, ముగ్గురు వక్తలు, ఆఖర్న రచయిత స్పందన. ఏడుగురు తలా పావుగంట మాట్లాడినా గంటా ముప్పావు. దానికి శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. రచయిత నోరు తెరిచేసరికి సగం మంది ఆఖరి బస్సు కోసం లేచి ఉంటారు. పైగా మీ పుస్తకాల బల్ల వేదిక పక్కన ఉంది. సభ మధ్యలో అక్కడిదాకా నడిచి కొనడానికి ఎవరికి మొహమాటం ఉండదు?

బల్ల ద్వారం దగ్గర వేయండి. సభకు అరగంట ముందే తెరవండి. ఇద్దరు కూర్చోవాలి, ఒకరు డబ్బుకు, ఒకరు పుస్తకాలకు. క్యూఆర్ కోడ్ రెండు చోట్ల పెట్టండి. సెల్లార్ హాళ్లలో సిగ్నల్ అందదు, ముందురోజే వెళ్లి చూసుకోండి, చిల్లర కూడా ఉంచుకోండి. ‘ఈ రోజు ధర 150’ అని పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాయండి, అడిగి తెలుసుకోవాల్సిన ధరను చాలామంది అడగరు. రెండు మూడు కాపీలు తిరగేయడానికి విడిగా పడేయండి.

వేదిక మీద ముగ్గురు చాలు. వాళ్లకు పుస్తకం పదిహేను రోజుల ముందే అందాలి, లేదంటే రచయితతో తమ స్నేహం గురించే మాట్లాడతారు. పాపం, వాళ్ల దగ్గర ఇంకేముంటుంది? రచయిత మధ్యలోనే మాట్లాడాలి, ఒక కథలోంచి ఆరేడు నిమిషాలు చదవాలి, మలుపుకు ముందు ఆపాలి. ఉపన్యాసాల బదులు ఒకరు అడిగేది, రచయిత చెప్పేది అయితే ఇంకా మేలు. మొత్తం గంటంబావు. వేదిక మీదివాళ్లకు తప్ప ఉచిత ప్రతులు పంచకండి. ముందు వరుసలో నలుగురి చేతుల్లో ఉచిత కాపీ చూసినవాళ్లు తమకూ వస్తుందేమోనని ఆగుతారు.

హాలు చిన్నది తీసుకోండి. ఎనభై మంది మూడువందల కుర్చీల హాల్లో కూర్చుంటే సభ వెలితిగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో అయితే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో గానీ, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో గానీ ఏ హాలుకు ఎన్ని కుర్చీలో ముందే కనుక్కోండి. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక మాటామంతీ తరహా సభకు నప్పుతుంది.

ఇంకొకటి. సభ రోజు పొద్దున ప్రెస్ నుంచి కట్టలు తెచ్చుకోవడం మానండి. కనీసం వారం ముందు తెప్పించి, వేర్వేరు కట్టల్లోంచి పదేసి కాపీలు తీసి పేజీ సంఖ్యలు తిప్పి చూడండి. ఒక ఫారం రెండుసార్లు పడడం, ఒకటి తలకిందులు కావడం బైండింగ్‌లో జరిగేవే. ఆ కాపీ సరిగ్గా ఆవిష్కర్త చేతిలోకే వెళ్తుంది. రంగుకాగితం చుట్టేటప్పుడు రిబ్బను జారుముడి వేయండి. గట్టి ముడితో అతిథి కుస్తీ పట్టే ఫొటోయే మర్నాడు అందరి ఫోన్లలో తిరుగుతుంది.

ప్రశ్న: ఒక ప్రచురణకర్త నా నవలకు ‘సర్వహక్కులు మావి’ అని ఒక పేజీ ఒప్పందం పంపారు. గడువు ఏమీ రాయలేదు. సంతకం పెట్టనా?
– ఒక రచయిత, ఒంగోలు

జవాబు: అలాగే పెట్టకండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టం లెక్కేస్తుంది. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయినట్టే. ఇవి మీకు ఆసరా, అయినా వీటి మీదే ఆధారపడొద్దు. తెలుగు అచ్చు పుస్తకం హక్కు మూడేళ్లకో అయిదేళ్లకో ఇవ్వండి. అనువాదం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. ఏడాదికోసారి అమ్మకాల లెక్క ఇవ్వాలని, ఇంప్రింట్ పేజీలో ముద్రణ తేదీ, ‘ప్రతులు: 500’ అని వేయాలని రాయించండి. ఎన్ని వేశారో తెలియకపోతే రాయల్టీ లెక్క చూసుకోలేరు.

ప్రశ్న: డిసెంబరులో ఇండియా వస్తున్నాను. అప్పుడే నా కథల పుస్తకం తేవాలి. ఇప్పటినుంచి ఏం చేయాలి? ఊళ్లలో ఉన్నవాళ్లకు పోస్టులో పంపడం ఎలా?
– ఒక రచయిత్రి, డాలస్

జవాబు: డిసెంబరు మంచి ఎంపికే. హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఆ నెలలోనే జరుగుతుంది, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. రెండుచోట్లా స్టాల్ పెట్టే ప్రచురణకర్తతో మీ పుస్తకం ఉంచడానికి ముందే మాట్లాడుకోండి. అయితే నవంబరు వచ్చిందంటే ప్రెస్‌లు క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగిపోతాయి. అక్టోబరు మొదటి వారానికి తుది ఫైలు ప్రెస్‌లో ఉండాలి. అంటే సెప్టెంబరంతా ప్రూఫులు, ఆగస్టులో పేజీలు కట్టడం, జూలైకి కథలు ఖరారు. విమానం దిగాక ప్రూఫు చూద్దామనుకుంటే పుస్తకం సంక్రాంతికి వస్తుంది.

పోస్టుకు, తపాలాశాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ వాడండి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఆపైన బరువును బట్టి పెరుగుతూ 5 కిలోలకు 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మీద వెళ్తుంది గనక ఆలస్యమవుతుంది, కానీ ట్రాకింగ్ ఉంటుంది. 70 జీఎస్‌ఎం మీద 144 పేజీల డెమీ పుస్తకం అట్టతో కలిపి 170 గ్రాములు తూగుతుంది, ప్యాకింగ్‌తో 200. మొదటి శ్లాబులో హాయిగా పోతుంది. 240 పేజీలను 80 జీఎస్‌ఎం మీద వేస్తే పుస్తకమే 300 దాటుతుంది, ప్రతి కాపీకీ పై శ్లాబు కట్టాల్సిందే. కాగితం ఎంచుకునే రోజే ఈ లెక్క వేసుకోండి.

అచ్చయ్యాక నెలరోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో కాపీ ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలి. ఇది 1954 చట్టం. మీరే ప్రచురణకర్తయితే తిరుగు ప్రయాణానికి ముందే ఆ నాలుగు ప్యాకెట్లు పోస్టులో వేసి, రసీదులు దాచుకోండి.