తాతగారి 75, నాన్నగారి 80

ప్రశ్న: మన హాకీ జట్టు ఆఖరిసారి ఛాంపియన్ అయింది 1975లో అని మా తాతగారు, కాదు 1980లో అని మా నాన్నగారు. పండక్కి మొదలైన వాదన, ఇప్పుడు ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినడం లేదండి. ఎవరు రైటు?
– ఒక డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: ఇద్దరూ రైటే, ముందు వడ్డించేయండి. ప్రపంచ కప్ అంటే తాతగారిదే మాట. 1975 మార్చి 15, కౌలాలంపూర్, ఫైనల్లో పాకిస్తాన్ మీద 2-1. గోల్స్ సుర్జీత్ సింగ్ ఒకటి, ధ్యాన్‌చంద్ గారబ్బాయి అశోక్ కుమార్ ఒకటి. కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్. నన్నడిగితే ఫైనల్ కన్నా సెమీఫైనలే అసలు మ్యాచ్. మలేసియా వాళ్లు సొంతూళ్లో 2-1తో ముందున్నారు, టైమ్ అయిపోవస్తోంది, అప్పుడు బెంచీ మీద కూర్చున్న అస్లమ్ షేర్ ఖాన్‌ని దింపారు. మెళ్లో తాయెత్తుని ముద్దు పెట్టుకుని పెనాల్టీ కార్నర్ కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు, గోలయింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో హర్‌చరణ్ సింగ్ మూడోది కొట్టి గట్టెక్కించాడు. ఇదంతా మీ తాతగారు రేడియోలో విని ఉంటారు, హిందీ వచ్చినా రాకపోయినా గోల్ అన్న అరుపు అర్థం కాకుండా ఉండదు కదా.

ఒలింపిక్స్ స్వర్ణం అంటే మీ నాన్నగారు గెలిచారు. 1980 మాస్కో, భాస్కరన్ కెప్టెన్, ఫైనల్లో స్పెయిన్ మీద 4-3, మనకి ఎనిమిదో బంగారం. కాకపోతే రష్యా వాళ్లు అఫ్గానిస్తాన్‌లోకి సైన్యాన్ని దింపారన్న గొడవ మీద చాలా దేశాలు బాయ్‌కాట్ చేసిన ఒలింపిక్స్ అది. పాకిస్తాన్, పశ్చిమ జర్మనీ, హాలండ్, ఆస్ట్రేలియా, ఎవరూ రాలేదు, మొత్తం ఆరు జట్లు. టాంజానియా మీద 18-0 కొట్టాం, అది హాకీ స్కోరా కబడ్డీ స్కోరా మీరే చెప్పండి. బంగారం బంగారమే, కాదనను. కానీ తూకం వెయ్యమంటే నేను తాతగారి వైపే మొగ్గుతాను, ఈ ముక్క నాన్నగారికి చదివి వినిపించకండి. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో మళ్లీ పతకం చూడ్డానికి 2021లో టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కాంస్యం.

ప్రశ్న: గడ్డి తీసేసి టర్ఫ్ పెట్టి యూరప్ వాళ్లు మన హాకీని చంపేశారని మా స్టాఫ్ రూంలో అందరూ అంటారు, పిల్లలకి నేనూ అదే చెప్పాను. నిజమేనాండి?
– ఒక పీఈటీ, నరసాపురం

జవాబు: సగం నిజం మాస్టారూ. 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్స్ హాకీ మొదటిసారి కృత్రిమ మైదానం, అదే టర్ఫ్, మీద ఆడారు, ఏడాది క్రితం ప్రపంచ ఛాంపియన్లయిన మనం ఏడో స్థానంలో తేలాం. మన డెల్టా స్కూలు గ్రౌండ్లు మీకు తెలియనివి కావు. వానాకాలం కాలు దిగబడుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలీదు. అలాంటి నేల మీద బంతిని స్టిక్కుకి అంటించుకుని ముగ్గురిని తప్పించుకుపోవడం ఒక విద్య, అందులో మనవాళ్లని మించినవాళ్లు లేరు. టర్ఫ్ అంటే తడి గచ్చు మీద గోళీ జారినట్టు, నీళ్లు చల్లి ఆడతారు, బంతి తిన్నగా వేగంగా పోతుంది. దాన్ని ఆపడం అందరికీ తేలికైపోయింది, ఇక గట్టిగా కొట్టేవాడిదీ ఆగకుండా పరిగెత్తేవాడిదీ రాజ్యం.

మరి పాకిస్తాన్ సంగతేంటి? వాళ్లూ గడ్డి మీద పుట్టినవాళ్లే, మన ఆటే వాళ్ల ఆట. అయినా 1978, 1982, 1994 ప్రపంచ కప్‌లు, 1984 ఒలింపిక్స్ స్వర్ణం పట్టుకుపోయారు. 1982 ఢిల్లీ ఏషియాడ్ ఫైనల్లో మన గడ్డ మీదే మనకి 7-1 పెట్టారు. తప్పంతా టర్ఫ్‌దే అయితే వాళ్లెలా గెలిచారు? మీ స్టాఫ్ రూంలో ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. (1986 లండన్ ప్రపంచ కప్‌లో మాత్రం ఇద్దరం కలిసే మునిగాం, పన్నెండు జట్లలో వాళ్లు పదకొండు, మనం పన్నెండు.)

నాకు టర్ఫ్ మీద కన్నా దాన్ని పరచాల్సినవాళ్ల మీదే కోపం ఎక్కువ. ఆట మారిందని 1976లోనే తెలిసింది, అయినా చిన్న ఊళ్ల పిల్లలు మట్టిలో నేర్చుకుని సెలక్షన్స్‌కి వెళ్లాకే మొదటిసారి టర్ఫ్ మీద కాలు పెట్టేవాళ్లు. చెరువులో ఈత నేర్పి సముద్రంలో పోటీ పెట్టినట్టు. పైగా 1998లో బ్యాంకాక్ ఏషియాడ్ స్వర్ణం, అదీ 32 ఏళ్ల తర్వాత, గెలిచి వస్తే కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లైతో సహా కొందరిని జట్టులోంచి తీసేశారు! గెలిస్తే ఇదీ మర్యాద. కోచ్‌లనైతే పంచె మార్చినట్టు మార్చారు. చివరికి 2008లో, 1928 తర్వాత మొదటిసారి, అసలు ఒలింపిక్స్‌కే అర్హత రాలేదు. 2012 లండన్‌కి వెళ్లాం, పన్నెండింట పన్నెండు. క్రికెట్ తినేసిందంటారు, అదీ ఉంది, ఆ సంగతి అందరికీ తెలిసిందే.

2018లో ఒడిశా ప్రభుత్వం జట్టుకి స్పాన్సర్‌గా వచ్చాక కొంచెం ఊపిరొచ్చింది. టోక్యోలో జర్మనీ మీద 5-4, పారిస్‌లో స్పెయిన్ మీద 2-1, వరసగా రెండు కాంస్యాలు. ప్రపంచ కప్ మాత్రం 2023లో మన దేశంలోనే పెట్టుకున్నా తొమ్మిదో స్థానమే. పిల్లలకి చెప్పింది కొంచెం సవరించి చెప్పండి మాస్టారూ.

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్లు. హాకీ ఆడతానంటోంది. నేర్చుకోడానికి కాకినాడ పంపొచ్చా? దానిది ఎడమచేతి వాటం, అదొక టెన్షన్.
– ఒక తల్లి, రామచంద్రపురం

జవాబు: పంపండమ్మా. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలోనే జరిగాయి, అంటే టర్ఫ్ కోసం మా రోజుల్లోలా రాష్ట్రం దాటాల్సిన పని లేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి రజని మన దేశానికి గోల్‌కీపర్‌గా ఆడింది, పాపకి చెప్పండి. మొదట్లో ఖరీదైన స్టిక్ కొనకండి, నిలబడితే నడుం దాకా వస్తే చాలు. కాళ్లకి షిన్ గార్డులు, పళ్లకి మౌత్ గార్డ్ మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి, బంతి రాయిలా ఉంటుంది.

ఎడమచేతి స్టిక్ అంటూ హాకీలో ఉండదమ్మా. బంతిని కొట్టే చదును వైపు అన్నిటికీ ఎడమ పక్కే, అందరూ దాంతోనే ఆడతారు. పైచెయ్యి ఎడమదే కాబట్టి, స్టిక్ తిప్పడం పాపకి మిగతావాళ్ల కన్నా తొందరగా వచ్చేసినా వచ్చేస్తుంది.