గట్టి బంతి కొరికితే ముఖం సన్నబడుతుందా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. గడ్డం కింద కొవ్వు కనిపిస్తోందని, రీల్స్‌లో చూసి దవడ వ్యాయామానికి సిలికాన్ బంతులు తెప్పించుకున్నాను. మెత్తనిది, మధ్యరకం, గట్టిది అని మూడు వచ్చాయి. నెల రోజులుగా గట్టిదాన్నే రోజూ అరగంట కొరుకుతున్నాను. ఇప్పుడు నోరు తెరిస్తే కుడి చెవి ముందు టక్‌మని శబ్దం వస్తోంది. పొద్దున లేచేసరికి కణతలు నొప్పి. కొన్నాళ్లు ఓర్చుకుంటే అలవాటైపోతుందా? మా అమ్మకు 51 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతుంది. మెడ సన్నబడటానికి కరెంటు మెషీన్ కొనమంటోంది. కొనొచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

సలహా: ఓర్చుకోవద్దు. బంతి కొరకడం ఈరోజే ఆపేయండి. మెత్తనిది కూడా వద్దు.

చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు నెమ్మదిగా తెరవండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. అందులో ఎముకల మధ్య ఒక చిన్న మెత్తటి డిస్క్ ఉంటుంది. నోరు తెరిచినప్పుడు అది కూడా ఎముకతో పాటు ముందుకు జారాలి. డిస్క్ కాస్త పక్కకు తప్పితే, మళ్లీ చోటుకు వచ్చేటప్పుడు టక్‌మంటుంది. నొప్పి లేకుండా వట్టి శబ్దం చాలామందికి ఉంటుంది, దానికి మందు అక్కర్లేదు. మీకు నొప్పి కూడా ఉంది, పైగా బంతి మొదలుపెట్టాకే వచ్చింది. కణతల నొప్పి కూడా ఇందులో భాగమే. నమిలే కండరాల్లో ఒకటి కణతల మీదే ఉంటుంది.

ఇప్పుడు దవడ మూలన చెయ్యి పెట్టి పళ్లు బిగించండి. ఉబ్బి చేతికి తగులుతోంది చూడండి, బంతితో బలపడి పెరిగేది ఆ కండరమే. అది పెరిగితే ముఖం కింది భాగం వెడల్పుగా కనిపిస్తుంది. ముఖం కోలగా కావాలని వచ్చేవాళ్లకు డాక్టర్లు ఇదే కండరంలో బొటాక్స్ ఇంజెక్షన్ చేసి దాన్ని తగ్గిస్తుంటారు. మీరేమో రోజూ అరగంట దాన్ని పెంచుతున్నారు.

గడ్డం కింద కొవ్వు సంగతి వేరు. ఏ కండరాన్ని ఆడిస్తే దాని పక్కనున్న కొవ్వే కరుగుతుందనే మాట నిజం కాదు. ఒళ్లు తగ్గితే అక్కడా తగ్గుతుంది. కొందరికి వంశంలోనే ఉంటుంది. కింది దవడ చిన్నగా ఉన్నవాళ్లకు బరువు సరిగ్గానే ఉన్నా డబుల్ చిన్ కనిపిస్తుంది. మీది ఏ రకమో అద్దంలో పక్కనుంచి చూసుకుంటే కొంత తెలుస్తుంది.

ముఖ వ్యాయామాలన్నీ దండగ అనను. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ డాక్టర్లు 2018లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. 40 నుంచి 65 ఏళ్ల మహిళలు ఏ పరికరమూ లేకుండా 20 వారాలు చేశారు. 27 మంది మొదలుపెడితే చివరిదాకా మిగిలింది 16 మంది. పోల్చి చూడటానికి వ్యాయామం చేయని గుంపు లేదు. ఫలితమేమిటంటే బుగ్గలు కాస్త నిండుగా కనిపించాయి. వయసుతో బుగ్గలు జారినవాళ్లకు అది పనికిరావచ్చు. 23 ఏళ్లకు మీరు కోరుకుంటున్నది అది కాదు కదా!

దవడ పరికరాలు నిజంగా అవసరమయ్యేవాళ్లు వేరే ఉన్నారు. గొంతు, నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నాక నోరు బిగుసుకుపోయినవాళ్లు, గుట్కా, వక్కపొడి వల్ల బుగ్గల లోపల గట్టిపడి నోరు తెరుచుకోనివాళ్లు. వాళ్లకు నోరు తెరిపించే పరికరం ఇస్తాం. అది కొనలేకపోతే చెక్క పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టించి, నెమ్మదిగా ఒక్కో పుల్లా పెంచుతాం. కాస్త నోరు తెరుచుకుని అన్నం ముద్ద పట్టడం వాళ్లకు ఎంత పెద్ద విషయమో చెప్పలేను. మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే, అందులోనూ గుట్కా అలవాటుంటే, వెంటనే చూపించుకోండి.

రెండు మూడు వారాలు దవడకు విశ్రాంతినివ్వండి. ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం తినండి. చెరకు, వేయించిన శనగలు, గట్టి మటన్ ముక్క, చూయింగ్ గమ్ వద్దు. రోజుకు రెండుసార్లు పది, పదిహేను నిమిషాలు గోరువెచ్చటి కాపడం పెట్టుకోండి. ఆవులింత వస్తే గడ్డం కింద చేయి ఆనించండి. మామూలప్పుడు పెదాలు మూసుకున్నా పై పళ్లు, కింది పళ్లు ఆనకూడదు. ఫోన్ చూస్తున్నప్పుడూ, టెన్షన్‌లోనూ తెలియకుండా బిగిస్తాం, గమనించుకోండి. నిద్రలో పళ్లు కొరుకుతున్నారా అని ఇంట్లోవాళ్లను అడగండి. అలా అయితే డెంటిస్టు రాత్రిపూట పెట్టుకునే తొడుగు చేసిస్తారు. మూడు వారాల్లో నొప్పి తగ్గకపోతే డెంటిస్టుకు గానీ దవడ శస్త్రచికిత్స నిపుణులకు గానీ చూపించండి. నోరు తెరిచింది తెరిచినట్టే, లేదా మూసింది మూసినట్టే ఉండిపోతే అదే రోజు వెళ్లాలి.

అమ్మగారికి ఆ మెషీన్ కొనొద్దు. మెడకు రెండు పక్కలా మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. బీపీని, గుండె వేగాన్ని సరిచూసే నరాల కేంద్రం అక్కడే ఉంది. దానిమీద కరెంటు పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగొచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, గర్భిణులు అసలే వాడకూడదు. ముందు ఆవిడ మెడ లావుగా ఉండటానికి కారణం కొవ్వేనా అన్నది చూడాలి. వెలుతురులో కూర్చోబెట్టి ఒక గుక్క నీళ్లు మింగమనండి. మింగేటప్పుడు మెడ ముందు భాగంలో వాపు పైకి కిందికి కదిలితే అది థైరాయిడ్ కావచ్చు. అప్పుడు డాక్టర్‌కు చూపించి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, మెడకు అల్ట్రాసౌండ్ చేయించండి.