పాత సెవెన్‌ను ఉంచుకోండి, దాని నెట్ మాత్రం పీకేయండి

పర్లాకిమిడి నుంచి ఒక డీటీపీ షాపు యజమాని రాశారు: "మా షాపులో 2012లో కొన్న కంప్యూటర్ ఉంది. విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి, అన్నీ అందులోనే. పెళ్లికార్డులు, కరపత్రాలు రెండు భాషల్లోనూ దాని మీదే కొడతాం. సెవెన్ పనైపోయింది, లెవెన్ వేయించుకో అని వచ్చినవాళ్లందరూ చెబుతున్నారు. బరంపురంలో ఒకాయన ఐదొందలకి వేసిస్తానన్నాడు. వేయించమంటారా?"

వేయించకండి.

రాయగడ, గుణుపురం, జయపురం, అటు మహారాష్ట్ర వైపు సిరొంచ, బల్లార్షా... ఊరి పేరు మారుతోంది గానీ నాకొచ్చే ఉత్తరం మారడం లేదు. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ వార్త చెవిన పడ్డాక టెన్ వాడేవాళ్లకంటే సెవెన్ వాడేవాళ్లకే ఎక్కువ కంగారు పట్టుకుంది. సెవెన్‌కి ఆ రోజు 2020 జనవరి 14నే వచ్చి వెళ్లిపోయింది. అప్పటినుంచీ ఏ భయమూ లేకుండా నెట్‌లో తిరిగి, ఇప్పుడు ఒక్క రోజులో లెవెన్ కావాలంటున్నారు.

లెవెన్ అడిగేవేవీ మీ కంప్యూటర్లో లేవు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే కనీసం ఎనిమిదో తరంది ఉండాలి, ఆ తరం మొదలైందే 2017లో. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ 64 ఎంబీ ర్యామ్‌తో సర్దుకుపోయేది, లెవెన్‌కి కనీసం 4 జీబీ కావాలి. ఆ తనిఖీలను దాటించి పాత కంప్యూటర్ మీద ఎక్కించే దారులున్నాయి, నిజమే. అలా ఎక్కించినదానికి తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం లేదు. హామీ లేని అప్‌డేట్ల కోసం పని చేస్తున్న షాపును ఆపుకోవడమెందుకు?

ఇక ఆ ఐదొందల సంగతి. అసలు లైసెన్సు వేలల్లో ఉంటుంది. ఐదొందలకి వేసేది క్రాక్, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ. ఎలా వేస్తారో పక్కన కూర్చుని చూడండి. ముందు యాంటీవైరస్ ఆపేస్తారు, లేకపోతే అది యాక్టివేటర్‌ను, అంటే దొంగ కాపీని అసలుదిగా నమ్మించే ప్రోగ్రామును, పట్టేస్తుంది. తర్వాత ఎవరు రాశారో తెలియని ఆ యాక్టివేటర్‌ను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపిస్తారు. చివరికి క్రాక్ ఊడిపోకుండా అప్‌డేట్లు కూడా కట్టేస్తారు. కుక్కను కట్టేసి, తలుపులు తీసి, ముక్కూ మొహం తెలియనివాడికి ఇంట్లో పడక వేయడం ఇది. పేరుకి లెవెన్, లోపల మీ పాత సెవెన్ కంటే ప్రమాదం. నాకు నిద్ర పట్టనివ్వనిది పాత సిస్టం కాదు, ఈ ఐదొందల కొత్త సిస్టం.

2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ వచ్చిన సంగతి గుర్తుందా? ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కి అంటుకుంటే అదే నెట్‌వర్కులో ఉన్న మిగతావాటికి తనంతట తానే పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పట్లో అందరూ ఎక్స్‌పీని తిట్టారు గానీ ఎక్కువగా పడిపోయినవి సెవెన్ కంప్యూటర్లు. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. మందు చేతికొచ్చినా వేసుకోనివాళ్లే పడిపోయారు. అప్‌డేట్లు కట్టేసిన క్రాక్ కాపీకి ఆ మందు ఎప్పటికీ అందదు.

మీ షాపులో ఉన్నది పెళ్లికార్డులే అయితే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. సరిహద్దు ఊళ్లలో డీటీపీ షాపంటే సగం ఆఫీసు. ఆధార్, పాన్, కుల ధ్రువపత్రం, భూమి పట్టా, స్కాలర్‌షిప్ ఫారం అన్నీ అక్కడే స్కాన్ అవుతాయి. ప్రింటు చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటారు, ఫైలు మాత్రం డెస్క్‌టాప్ మీదే ఉండిపోతుంది. ఈ మధ్య నేను వెళ్లిన ఒక షాపులో డౌన్‌లోడ్స్ తెరిస్తే మూడేళ్లుగా ఊరందరి ఆధార్ కార్డులూ వరసగా ఉన్నాయి. అదే కంప్యూటర్లో వాట్సాప్ వెబ్, అదే కంప్యూటర్లో ఎవరెవరి పెన్‌డ్రైవులో. ఆ షాపువాళ్లు చెడ్డవాళ్లు కాదు. చెరిపేయాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ కాగితాలు వాళ్లవి కావు, జనానివి. సాయంత్రం షట్టర్ దించేముందు ఆ రోజు స్కాన్లు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. దీనికి లెవెన్ అక్కర్లేదు.

కాబట్టి మీ సెవెన్‌ను అలాగే ఉంచండి, నెట్ తీగ పీకేయండి, వైఫై అడాప్టర్ ఉంటే అదీ తీసేయండి. పేజ్‌మేకర్‌కి నెట్‌తో పనిలేదు. సెవెన్‌లో క్రోమ్ 2023లోనే 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది కాబట్టి దాంతో నెట్ వాడినా ఇకముందు ఒక్కో సైటే మొరాయిస్తుంది. ఫారాలకీ స్కాన్లకీ వేరే కంప్యూటర్ పెట్టుకోండి. లెవెన్ నడిచే సెకండ్‌హ్యాండ్‌ది, అసలు లైసెన్సు ఉన్నది అయితే చాలు. ఫైలు అటూ ఇటూ తీసుకెళ్లడానికి ఒకే పెన్‌డ్రైవ్ కేటాయించి, ముందు కొత్తదాంట్లో వైరస్ స్కాన్ చేసి పాతదాంట్లో పెట్టండి. కొత్తదాంట్లోనే ఎందుకంటే, విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా లోపలే ఉంటోంది. సెవెన్‌లో అదే పేరుతో ఉన్నది స్పైవేర్‌ను మాత్రమే చూసేది.

వైరస్ కంటే ముందు మీకు ముంచుకొచ్చేది హార్డ్‌డిస్కు. 2012 నుంచి తిరుగుతున్న డిస్కు అది. ఈ వారమే ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) కొని దానిలోకి మొత్తం ఉన్నదున్నట్టు క్లోన్ చేయించండి. పాత డిస్కును బీరువాలో దాచండి.

కొత్త కంప్యూటర్లోకి మీ సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చుకోలేరా అంటే, అక్కడే అసలు చిక్కు. లెవెన్‌లో 32 బిట్ రకమే లేదు, ఉన్నదంతా 64 బిట్. 64 బిట్ విండోస్ మరీ పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములను బొత్తిగా నడపదు. పాత సీడీల్లోని ఇన్‌స్టాలర్లు చాలావరకు ఆ కాలానివే. ప్రోగ్రాం నడిచినా దాని హార్డ్‌వేర్ లాక్‌కి (కొన్నవాళ్లే వాడేలా కంప్యూటర్‌కి తగిలించే చిన్న పరికరం) 64 బిట్ డ్రైవర్ లేకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షనే రాలేదు.

ఫాంట్ల గురించి కాస్త చెప్పాలి. అను, ఆకృతి లాంటి పాత ఫాంట్లలో మీరు కొట్టేది కంప్యూటర్ లెక్కలో తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద మన అక్షరాల బొమ్మలు తొడిగారు, అంతే. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే శుభలేఖ కాస్తా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలైపోతుంది. జనం అది చూసి "లెవెన్ మా తెలుగును పాడు చేసింది" అని నాకు రాస్తారు. లెవెన్ తప్పు కాదది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. ఎక్స్‌పీలో గౌతమి, సెవెన్‌లో వాణి, విండోస్ 8 నుంచి నిర్మల ఫాంట్లు విండోస్‌తోనే వస్తున్నాయి. ఒడియాకి విండోస్ విస్టాతో కళింగ ఫాంటు వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం మాట్లాడే తెలుగే రాయమని ఆయన పోరాడారు. ఆ ఊళ్లో అచ్చయ్యే తెలుగును ఒక్క షాపులోని ఒక్క కంప్యూటరే చదవగలగడం నాకు బాధగా ఉంటుంది. పాత ఫైళ్లన్నీ మార్చమని అనను, మార్చే కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి, పెళ్లికార్డులో పేరు తప్పు పడితే మాట పడేది మీరే. ఇకనుంచి కొట్టే కొత్త పనిని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

గుణుపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: "మా అమ్మాయి లాప్‌టాప్‌కి బయోస్ అప్‌డేట్ అయ్యాక నీలి తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది. మేమెప్పుడూ ఏ కీ పెట్టలేదు. షాపువాళ్లు ఫార్మాట్ కొట్టడం తప్ప దారి లేదంటున్నారు."

మాస్టారూ, ఫార్మాట్ కొట్టనివ్వకండి. అది డిస్కు ఎన్‌క్రిప్షన్ కీ, అంటే డిస్కు మొత్తానికి వేసిన తాళాన్ని తెరిచే చెవి. మీరు పెట్టలేదు, సిస్టమే పెట్టుకుంది. లెవెన్ 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఖాతాతో లాగిన్ అయితే చాలావాటిలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది, కీ ఆ ఖాతాలోకి వెళ్తుంది. ఆ ఖాతా ఎవరి పేరున ఉందన్నదే ప్రశ్న. కొన్న రోజున షాపు కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో సెటప్ చేసి ఉంటాడు. బిల్లు పట్టుకుని వెళ్లి ఆ మెయిల్ ఏదో కనుక్కోండి. ఫోన్లో ఆ ఖాతా తెరిచి రికవరీ కీల పేజీ చూస్తే, తెర మీది కీ ఐడీతో కలిసే కీ అక్కడ ఉంటుంది. ఖాతా దొరకక, కీ మరెక్కడా రాసి లేకపోతే, ఎంత డబ్బు పోసినా ఎవరూ ఆ డిస్కు తెరవలేరు.

ఎన్‌క్రిప్షన్‌ను నేను తప్పుపట్టడం లేదు. సెవెన్ కాలంలో లాప్‌టాప్ పోతే దొంగ డిస్కు పీకి ఇంకో కంప్యూటర్‌కి తగిలించుకుంటే, పాస్‌వర్డ్ ఉన్నా లేకున్నా ఫొటోలతో సహా అన్నీ కనిపించేవి. ఆ కన్నం పూడ్చారు, మంచిదే. కానీ ఇంటి తాళం మార్చి, తాళంచెవి ఎక్కడ పెట్టారో ఇంటివాళ్లకి చెప్పకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. "ఈ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి" అని పెద్ద అక్షరాల్లో, మన భాషల్లో ఒక్క తెర చూపించడానికి ఏమడ్డం?

మల్కాన్‌గిరి జిల్లా చిత్రకొండ నుంచి ఒక ఉద్యోగి: "టెన్ ఉన్న డెస్క్‌టాప్. లెవెన్‌కి అర్హత ఉందని చూపిస్తోంది. మారనా, వద్దా?"

అర్హత ఉంటే మారండి. వెంటనే కుదరకపోతే టెన్‌కి ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరండి, ఇళ్లలో వాడేవాళ్లకి అది 2026 అక్టోబరు 13 దాకా ఉంది.

మీ ఊరి పేరు చూశాక ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఎక్స్‌పీ, సెవెన్ సీడీ పెడితే నెట్ లేకుండానే పని మొదలయ్యేది. లెవెన్ హోమ్ మామూలుగా అయితే ఇంటర్నెట్, ఆన్‌లైన్ ఖాతా లేకుండా సెటప్పే పూర్తి చేయనివ్వదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లున్నాయని దీన్ని తయారుచేసినవాళ్లకి ఎవరు చెప్పాలి? నెలనెలా వచ్చే అప్‌డేట్లు మొబైల్ డేటాను తినేస్తాయి. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మళ్లీ లేస్తుందో లేదో తెలియదు. అప్‌డేట్లు ఆపుకున్నవాళ్లను నేనే తిడతాను, కానీ ఈ కష్టాలు చూసి ఆపుకున్నవాళ్ల బాధ కూడా నాకు తెలుసు. తప్పు సగం అటువైపుది.

మీరు మాత్రం సీపీయూను ఏ జయపురమో, నెట్ బాగా ఉన్న చోటికి తీసుకెళ్లి మార్పించండి. ఖాతా మీ సొంత మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే తెరవండి, కీ కాగితం మీద రాసుకోండి. తిరిగొచ్చాక వైఫై సెట్టింగుల్లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేస్తే అప్‌డేట్లు చాలావరకు మీ డేటా జోలికి రావు. నెలకోసారి, కరెంటు నిలకడగా ఉండే రాత్రి చూసి, మీ చేత్తో మీరే అప్‌డేట్ నొక్కండి.